ఒక్కరి పడవ

తెలుగు పాఠం చెప్పుకొని బ్రతికేవాడికి పడవలతో పరిచయం లేకపోలేదు. కాని అవన్నీ కాగితం మీద తేలే పడవలు. శాతవాహన ప్రభువు యజ్ఞశ్రీ శాతకర్ణి నాణేల మీద రెండు కొయ్యల ఓడ బొమ్మ ఉంటుందని విద్యార్థులకు ఎన్నోమార్లు చెప్పాను. కాకతి గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనం గురించి గంటల తరబడి వివరించాను. తుఫానులో ఓడ పగిలి ఒడ్డు చేరిన పరదేశి వర్తకుని సొత్తును రాజు కాజేయడనీ, నిర్ణయించిన సుంకం మాత్రమే పుచ్చుకుంటాడనీ ఆ శాసనం ఇచ్చిన హామీని చెప్పేటప్పుడు నా గొంతు గద్గదమయ్యేది. శ్రీనాథుడు హరవిలాసాన్ని అంకితమిచ్చిన అవచి తిప్పయ్యసెట్టి దూరదేశాల సరుకులను ఓడలలో రప్పించిన వైభవాన్ని కళ్ళకు కట్టించాను. సంసారాన్ని సాగరంతో పోల్చిన పద్యాలకు నా జ్ఞాపకంలో లెక్కే లేదు. ఇన్ని తెలిసిన నేను యాభై ఏళ్ళు దాటేదాకా ఒక్క పడవలోనైనా కాలు పెట్టినవాడిని కాను. అటువంటి నాకు ఒక పడవను ఎన్నుకోవలసిన అవసరం వచ్చింది. అది కూడా ఒక్కరే కూర్చుని, ఒక్కరే నడుపుకొంటూ, పందెంలో పాల్గొనే చిన్న తెరచాప పడవ.

మా ఇల్లు హైదరాబాదు పాతబస్తీలో, శాలిబండకు దగ్గరలో ఉంది. రెండు స్కూటర్లు ఎదురుపడితే ఒకటి ఆగి దారి ఇవ్వవలసిన గల్లీ అది. అక్కడ పడవ ముచ్చట వింతగా తోచడం సహజమే. కాని మా ఇంట్లో అది వింత మాత్రమే కాదు, నిషిద్ధం కూడా. దానికి కారణం ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ నది పొంగి నగరాన్ని ముంచెత్తినప్పుడు మా తాతగారికి తొమ్మిదేళ్ళు. అఫ్జల్‌గంజ్‌లో, నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు మీదికి ఎక్కి నూటయాభైమంది దాకా ప్రాణాలు దక్కించుకున్న సంగతి నగరమంతా చెప్పుకొనే చరిత్ర. మా తాతగారు ఆ చెట్టు మీద లేరు. ఎత్తయిన ఒక మేడ మీద నుంచి తన ఈడు పిల్లలు కొట్టుకొనిపోవడం చూశారు. ఆ తరువాత విశ్వేశ్వరయ్యగారి సలహా మీద ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు కట్టి మూసీని అదుపు చేశారు. నది అదుపులోకి వచ్చింది గాని మా తాతగారి భయం అదుపులోకి రాలేదు. అది మా నాన్నకు, ఆయన ద్వారా మా అమ్మకు, ఆమె నుంచి నాకు ఆస్తిలాగా సంక్రమించింది. “నీళ్ళకు చుట్టరికం తెలవదు కొడుకా” అనేది మా అమ్మ. చెరువుగట్టు మీద నడిచినా నా చెయ్యి గట్టిగా పట్టుకొనేది. ఆ కారణంగానే నాకు ఈత రాలేదు.

ఇటువంటి ఇంటి నుంచి మా అమ్మాయి నీళ్ళ మీదికి వెళ్ళింది. ఆమె ఏడవ తరగతిలో ఉన్నప్పుడు, వేసవి సెలవుల్లో హుస్సేన్‌సాగర్ మీద పిల్లలకు తెరచాప పడవలు నేర్పుతున్నారని పాఠశాలలో ఎవరో చెప్పారట. నా భార్య నాతో చెప్పకుండానే దరఖాస్తు మీద సంతకం చేసింది. సుమారు 1562లో ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో తవ్వించిన ఆ చెరువు మీద ఇప్పుడు సైనికుల ఈఎంఈ సెయిలింగ్ అసోసియేషన్, సికింద్రాబాద్ సెయిలింగ్ క్లబ్, 2009లో ఏర్పడిన యాచ్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ వంటి సంస్థలు ఉన్నాయనీ, వానాకాలంలో దేశం నలుమూలల నుంచి వచ్చిన పడవ పందెగాళ్ళు అక్కడ పోటీపడతారనీ నాకు అప్పటిదాకా తెలియదు. ముప్పై ఏళ్ళుగా ట్యాంక్‌బండ్ మీద బస్సులో పోతూ వస్తూ ఉన్నాను. ఆ తెల్లని చాపలను కొంగల బారులాగా చూసి ఊరుకున్నానే తప్ప వాటి కింద మనుషులుంటారని ఆలోచించలేదు.

సంగతి తెలిసిన మొదటి ఆదివారం కోపంతోనే చెరువు దగ్గరికి వెళ్ళాను. అక్కడ నేను చూసిన దృశ్యం నా కోపాన్ని భయంగా మార్చింది. శిక్షకుడు పిల్లలచేత పడవలను కావాలనే బోల్తా కొట్టిస్తున్నాడు. మా అమ్మాయి నీళ్ళలో పడింది. ప్రాణరక్షక కవచం ఆమెను పైకి తేల్చింది. ఆమె పడవ చుట్టూ ఈది వచ్చి, అడుగు నుంచి పొడుచుకొని వచ్చిన పలకను రెండు చేతులతో పట్టుకొని బరువంతా వేసింది. పడవ నెమ్మదిగా లేచి నిలబడింది. ఆమె లోపలికి ఎక్కి కూర్చుని, నీళ్ళు తోడిపోసి, మళ్ళీ తాడు పట్టుకున్నది. మాజీ సైనికుడైన ఆ శిక్షకుడు నా ముఖం చూసి నవ్వాడు. “సార్, బోల్తా పడకుండా ఉండడం మేం తరువాత నేర్పుతాం. పడితే లేవడం ముందు నేర్పుతాం” అన్నాడు. నాలుగు దశాబ్దాలుగా మా కుటుంబం నాకు నేర్పిన పాఠం దీనికి సరిగ్గా తలకిందులు.

ఆమె నేర్చుకొన్న ఆ చిన్న పడవ పేరు ఆప్టిమిస్ట్. 1947లో అమెరికాలోని ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ అనే ఆయన పిల్లల కోసం రూపొందించాడు. ముక్కు లేని పెట్టెలాగా ఉంటుంది. పొడవు సుమారు 2.3 మీటర్లు, బరువు 35 కిలోలు. ప్రపంచమంతటా పిల్లలు దానిలోనే ఓనమాలు దిద్దుతారు. కాని దానికి వయోపరిమితి ఉంది. పదిహేనేళ్ళు నిండిన సంవత్సరంతో ఆ పడవలో పోటీలకు అర్హత ముగుస్తుంది. ఇంటర్మీడియట్‌లో చేరిన మా అమ్మాయి ఆ హద్దు దాటింది. మోకాళ్ళు గడ్డానికి తగులుతూ ఉంటే ఆ పెట్టెలో ఇంక పట్టడం లేదు. క్లబ్బులో ఉన్న పెద్ద పడవలు నాలుగైదు మాత్రమే. ఆదివారం పందాలకు వాటి కోసం వంతులు వేసుకొంటారు. “నాన్నా, నాకు కొత్త పడవ కావాలి” అన్నది ఒకనాటి రాత్రి అన్నం తింటూ. మా అమ్మ చేతిలోని ముద్ద కంచంలోకి జారింది.

నేను వద్దనలేదు. ఔనని కూడా అనలేదు. పరిశోధకుడికి అలవాటైన మార్గంలో కాలయాపన చేశాను. ఒక నోటుపుస్తకం తెరిచాను. పదకొండవ శతాబ్దపు భోజరాజు పేరు మీద ప్రసిద్ధమైన యుక్తికల్పతరువులో ఓడలను పొడవు, ఎత్తులను బట్టి విభజించి, ఏ కొలతల ఓడ శుభమో, ఏది అశుభమో చెప్పారు. అదే పద్ధతిలో నేనూ పట్టిక గీశాను. స్వీడన్ దేశస్థుడు రికార్డ్ సార్బీ 1949లో రూపొందించిన ఫిన్ అనే పడవ మొదటి గడిలో చేరింది. 1952 నుంచి టోక్యో క్రీడల దాకా ఒలింపిక్స్‌లో నిలిచిన గొప్ప పడవ అది. డెన్మార్క్‌లో పుట్టిన ఓకే అనే పడవ రెండవది. 2014లో వచ్చిన, సుమారు 30 కిలోల బరువు మాత్రమే ఉండే ఆర్‌ఎస్ ఏరో మూడవది. దశాబ్దాలుగా లేజర్ అని పేరుపొంది, ఇప్పుడు ఐఎల్‌సీఏ అని పిలుస్తున్న పడవ నాలుగవది. గుణదోషాలను వరుసగా రాసి, తేలికైనదీ ఆధునికమైనదీ కనుక మూడవదే ఉత్తమమని తీర్పు కూడా రాశాను.

మా అమ్మాయి పట్టికను శ్రద్ధగా చదివింది. తరువాత ఒక్క ప్రశ్న అడిగింది.

“నాన్నా, ఈ పడవ మన చెరువు మీద ఇంకెవరి దగ్గర ఉంది?”

ఎవరి దగ్గరా లేదు.

“మరి నేను ఎవరితో పందెం వేయాలి?”

నా పట్టికలో ఆ గడి లేదు. పడవ ఎంత గొప్పదైనా, అటువంటివి పది ఉన్న చోటనే పందెం. పది రకాల పడవలు కలిసి పరుగెత్తితే, గెలిచింది మనిషో పడవో తేలదు. అందుకే ఒకే వర్గానికి చెందిన పడవల పందాలలో కొలతలన్నీ ఒక్కటిగా ఉంచుతారు. పొడవు, బరువు, చాప వైశాల్యం, చివరికి తాళ్ళు కట్టే తీరు కూడా నిబంధనల ప్రకారమే ఉండాలి. ఇది విన్నప్పుడు నాకు ఛందస్సు గుర్తుకు వచ్చింది. ఉత్పలమాల ఎవరు రాసినా భ, ర, న, భ, భ, ర, వ గణాలే. పాదానికి ఇరవై అక్షరాలే. పదవ అక్షరం యతిస్థానమే. ఆ కట్టుబాటు అందరికీ సమానం కనుకనే తిక్కన పద్యం తిక్కనదిగా, పోతన పద్యం పోతనదిగా వినిపిస్తుంది. హుస్సేన్‌సాగర్ పందాలకు ఆ ఉత్పలమాల ఐఎల్‌సీఏ. నా పట్టిక కొట్టివేసి ఆ ఒక్క పేరు ఉంచాను.

ఆ పడవ పుట్టుక కూడా ముచ్చటైనది. 1969లో కెనడాకు చెందిన బ్రూస్ కిర్బీ, తన మిత్రుడు ఇయాన్ బ్రూస్‌తో ఫోనులో మాట్లాడుతూ, కారు పైన పెట్టుకొని తీసుకొని పోదగిన పడవ కావాలని ఆయన అడిగితే, చేతికి అందిన కాగితం మీద గీసిన బొమ్మ అది. 1971లో న్యూయార్క్ ప్రదర్శనలో జనం ముందుకు వచ్చింది. నేటికి రెండు లక్షలకు పైగా తయారయ్యాయి. 1996 అట్లాంటా క్రీడలతో ఒలింపిక్స్‌లో ప్రవేశించింది. తయారీ హక్కుల వివాదం కారణంగా 2019లో దాని పేరు మారింది గాని రూపం మారలేదు. పొడవు 4.2 మీటర్లు, బరువు సుమారు 59 కిలోలు. ఒకే చాప, ఒకే చుక్కాని, నీటి కిందికి దింపే ఒకే పలక.

ఆ పలక చేసే పని ఏమిటో తెలుసుకొన్ననాడు నాకు చిన్నపిల్లవాడిలా ఆనందం కలిగింది. గాలి తోసిన వైపుకే పడవ పోతుందని అందరిలాగే నేనూ అనుకొన్నాను. అట్లా అయితే పోయిన పడవ తిరిగి రాదు. గాలి వంపు తిరిగిన చాప మీదుగా పారేటప్పుడు, పక్షి రెక్కకు కలిగినట్లే దానికి ఒక లాగుడు కలుగుతుంది. ఆ లాగుడు పడవను కొంత ముందుకు, ఎక్కువగా పక్కకు ఈడుస్తుంది. నీటిలో నిలువుగా నిలిచిన పలక పక్కకు పోనివ్వదు. ఇక మిగిలింది ముందుకు పోవడమే. గాలికి సూటిగా ఎదురు వెళ్ళడం ఏ చాపకూ సాధ్యం కాదు. కాని సుమారు నలభై అయిదు డిగ్రీల ఏటవాలుగా కొంత దూరం కుడికి, కొంత దూరం ఎడమకు పోతూ, గాలి ఎక్కడి నుంచి వస్తున్నదో అక్కడికే చేరవచ్చు. పడవ ఒరిగినప్పుడు నడిపేవారు పాదాలను లోపలి పట్టీ కింద దూర్చి, శరీరాన్ని అంచు దాటించి వెనక్కి వాల్చి, తమ బరువుతోనే దానిని నిలబెడతారు. అంటే ఈ పడవలో మనిషి ప్రయాణికుడు కాడు. యంత్రంలో ఒక భాగం.

పడవ తేలింది. ఇక చాప తేలాలి. అసలు చిక్కు ఇక్కడ వచ్చింది. ఒకే పడవకు మూడు కొలతల చాపలున్నాయి. ఐఎల్‌సీఏ 4 అనే దానికి 4.7 చదరపు మీటర్లు, 6 అనే దానికి దాదాపు 5.8, 7 అనే దానికి సుమారు 7.1. కొయ్య పై భాగం అన్నిటికీ ఒకటే. కింది భాగం మాత్రమే చాపకు తగినట్లు మార్చుకోవాలి. నేను సంకోచం లేకుండా “పెద్దదే తీసుకొందాం, పెరిగే పిల్ల” అన్నాను. పాతబస్తీలో మా అమ్మ నాకు చొక్కాలు కుట్టించిన సూత్రం అదే. శిక్షకుడు తల అడ్డంగా ఊపాడు. “సార్, చొక్కా వదులైతే మడిచి తొడుక్కోవచ్చు. చాప వదులైతే నీళ్ళలో పడేస్తుంది” అన్నాడు. యాభై అయిదు కిలోల లోపు వారికి మొదటిది, అక్కడి నుంచి డెబ్బై దాకా రెండవది, ఎనభై కిలోల బలిష్ఠునికి మూడవది అని స్థూలంగా లెక్క చెప్పాడు. మా అమ్మాయి బరువు యాభై ఒక్క కిలోలు.

లెక్క ప్రకారం సందేహం లేదు. కాని మనసు లెక్క వేరు. ఆమె గదిలో గోడ మీద చెన్నైకి చెందిన నేత్రా కుమనన్ బొమ్మ ఉంది. ఒలింపిక్స్ తెరచాప పోటీలకు అర్హత సాధించిన మొదటి భారతీయ మహిళ ఆమె. 2008 బీజింగ్ క్రీడల నుంచి ఒలింపిక్స్‌లో మహిళలు ఒంటరిగా నడిపే పడవ చాప ఐఎల్‌సీఏ 6. అప్పట్లో దానికి రేడియల్ అని పేరు. “నాలుగు పిల్లల చాప నాన్నా. నాకు ఆరు కావాలి” అన్నది మా అమ్మాయి. ఆ మాటలో నాకు నా యౌవనం వినిపించింది. ఎం.ఏ.లో చేరిన ఏడాదే వసుచరిత్రకు వ్యాఖ్య రాస్తానని బయలుదేరి, నాలుగు శ్లేషల దగ్గరే చతికిలబడినవాడిని నేను. అయినా ఆమెకు ఏమీ చెప్పలేకపోయాను. చెప్పింది జూలై నెల గాలి.

ఆ ఆదివారం క్లబ్బు పడవకు ఆరవ నంబరు చాప కట్టుకొని ఆమె పందానికి దిగింది. నైరుతి రుతుపవనాలు బలంగా ఉన్నాయి. బుద్ధవిగ్రహం చుట్టూ నీళ్ళు నురుగులు కక్కుతున్నాయి. 1990 మార్చిలో ఆ విగ్రహాన్ని తరలిస్తున్న బల్లకట్టు మునిగి పదిమంది చనిపోయిన రోజు నాకు గుర్తుకు వచ్చింది. విగ్రహాన్ని పైకి తీసి 1992 డిసెంబరులో నిలబెట్టారు. పోయినవారిని ఎవరు నిలబెట్టగలరు? మొదటి బోయా చేరకముందే మా అమ్మాయి పడవ బోల్తా పడింది. ఆమె లేపింది. చాపను లోపలికి లాగితే పడవ ఒరుగుతున్నది, వదిలితే గుడ్డ టపటప కొట్టుకొంటూ పడవ ఆగిపోతున్నది. రెండవసారి పడింది. లేపింది. మూడవసారి పడినప్పుడు పలక మీదికి ఎక్కడానికి ఆమెకు చాలాసేపు పట్టింది. రక్షక పడవ పక్కనే వచ్చి ఆగింది గాని ఆమె చెయ్యి ఊపి వద్దన్నది. నేను ఒడ్డున ఇనుప కడ్డీ పట్టుకొని నిలబడ్డాను. నాకు ఈత రాదన్న సంగతి ఆనాడు తెలిసివచ్చినంతగా ఎన్నడూ తెలిసిరాలేదు.

ఆమె అందరికంటె చివర వచ్చింది. పెదవులు నీలంగా ఉన్నాయి. ఏడ్చిందో, చెరువు నీళ్ళో నేను గుర్తించలేకపోయాను. ఇంక పడవ వద్దంటుందేమోనని నాలో ఒక పిరికి ఆశ మెదిలిన మాట నిజం. తిరుగు ప్రయాణంలో అఫ్జల్‌గంజ్ దాటి నయాపూల్ మీదికి వచ్చేదాకా ఆమె మాట్లాడలేదు. మూసీ కనపడగానే అన్నది: “ఈ రోజు నేను పందెం వెయ్యలేదు నాన్నా. చాపతో కొట్లాడాను, అంతే. పక్కవాళ్ళు ఎక్కడున్నారో, గాలి ఎటు తిరుగుతున్నదో ఒక్కసారి కూడా చూడలేదు.”

తరువాతి ఆదివారం గాలి అంతే ఉంది. ఆమె నాలుగవ నంబరు చాప కట్టుకొన్నది. పదిమందిలో అయిదవదిగా వచ్చింది. ఒడ్డుకు వచ్చాక, మూడవ మలుపులో గాలి ముందుగా ఎటు తిరుగుతుందో ఎట్లా పసిగట్టిందో ఊపిరి తీసుకోకుండా చెప్పింది. ఆమె నిర్ణయం అక్కడే జరిగిపోయింది. 2023లో జరిగిన హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో నేహా ఠాకూర్ వెండి పతకం గెలిచింది ఐఎల్‌సీఏ 4లోనేనని ఆమెకు శిక్షకుడు గుర్తు చేశాడట. అది పిల్లల చాప అన్న మాట మళ్ళీ మా ఇంట్లో వినపడలేదు. పైగా పడవ అదే, కొయ్య పైభాగం అదే. బరువు పెరిగిననాడు కింది కొయ్య, చాప మార్చుకొంటే చాలు. పెరుగుదలకు చోటు పడవలోనే ఉంది. దానిని ముందుగానే మోయవలసిన పని లేదు.

ఇక మిగిలింది ధనం. కొత్త పడవ విదేశం నుంచి రావాలి. ధరకు ఓడ కిరాయి, దిగుమతి సుంకం కలిపితే నేను పాడుకున్న చిట్టీ డబ్బులు సగానికి కూడా సరిపోలేదు. అందుచేత ఇతరులు వాడిన పడవలు చూశాం. మొదటిది అద్దంలాగా మెరుస్తున్నది. కొత్తగా రంగు వేసి, గీతలన్నీ మాయం చేశారు. నాకు ఎంతో నచ్చింది. మా అమ్మాయి ఒక చెంబుడు నీళ్ళు అడిగింది. కొయ్యను నిలబెట్టే గొట్టంలో అంచు దాకా నీళ్ళు పోసి, ఎంతవరకు నిలిచాయో చూసి గుర్తు పెట్టింది. తరువాత పడవ పైభాగమంతా అరచేతితో అదుముతూ, ఎక్కడైనా మెత్తబడిందేమో పరీక్షించింది. పావుగంట తరువాత చూస్తే గొట్టంలో నీళ్ళు రెండు వేళ్ళ లోతు తగ్గాయి. పడవ పొట్టలోకి నీరు దిగుతున్నదన్నమాట. ఆ గొట్టం అడుగు బలహీనపడితే గాలి బలంగా ఉన్ననాడు కొయ్య పెకలించుకొని వస్తుంది. ఆమె నమస్కారం పెట్టి బయటికి నడిచింది.

రెండవ పడవ మరొకచోట, చెట్టు కింద టార్పాలిన్ కప్పుకొని ఉంది. ఒంటినిండా గీతలు. పేరు కూడా సగం చెరిగిపోయింది. దాని గొట్టంలో పోసిన నీళ్ళు అరగంటకు కూడా వెంట్రుకవాసి తగ్గలేదు. తూచి చూస్తే బరువు ఉండవలసినంతే ఉంది. నేను నా జీవితంలో ఎన్నో తాళపత్ర ప్రతులను చూశాను. బంగారు అంచుల ప్రతిలో పాఠం చెడి ఉండడం, చెదలు తిన్న ప్రతిలో శుద్ధపాఠం దొరకడం నాకు అనుభవమే. అయినా ఆ గీతల పడవను చూసి నా మనసు చిన్నబోయింది. “అప్పు తీసుకొని కొత్తదే కొందామమ్మా” అన్నాను. అందులో కొంత ప్రేమ, కొంత భయం, కొంత నలుగురిలో పరువు అన్న ఆలోచన కలగలిసి ఉన్నాయి.

మా అమ్మాయి నా చెయ్యి పట్టుకొన్నది. “నాన్నా, నీళ్ళ మీద అందులో నేనొక్కదాన్నే ఉంటాను. నువ్వు ఉండవు. శిక్షకుడూ ఉండడు. పడవ ఎన్నుకొనే పని కూడా నన్నే చెయ్యనీ” అన్నది. మిగిలిన డబ్బుతో కొత్త చాప, కొత్త తాళ్ళు కొందామన్నది. పందెంలో సాగిపోయిన పాత చాప పడవ గీతల కంటె ఎక్కువ నష్టం చేస్తుందట.

సంస్కృతంలో చుక్కానికి కర్ణమని ఒక పేరు. దానిని పట్టినవాడు కర్ణధారుడు. నాయకులను పొగడడానికి మనం ఆ మాటను ఎంతగా వాడామంటే, అందులో చుక్కాని ఉన్నదన్న సంగతే మరిచిపోయాం. నేనూ సభలలో చాలామందిని కర్ణధారులని పొగిడాను. ఆ చెట్టు కింద, గీతలు పడిన పడవ పక్కన, ఆ మాటకు అర్థం నాకు మొదటిసారి కనిపించింది. కర్ణం ఒక్కటే ఉంటుంది. దాని మీద రెండవ చెయ్యికి చోటు లేదు.

ఆ పడవనే కొన్నాం. మొదటి ఆదివారం మా అమ్మ తాను కూడా వస్తానన్నది. వద్దని చెప్పడానికే వస్తున్నదనుకొన్నాను. నయాపూల్ దాటేటప్పుడు ఆమె కళ్ళు మూసుకొన్నది. చెరువు దగ్గర కొంగుముడి విప్పి పసుపు, కుంకుమ తీసి పడవ ముక్కుకు బొట్టు పెట్టింది. కొబ్బరికాయ కొట్టి, మనుమరాలి ప్రాణరక్షక కవచం పట్టీలు నాలుగింటినీ ఒక్కొక్కటిగా లాగి చూసింది. నేను దిగుడుమెట్ల మీద కూర్చుని పడవ తాడు పట్టుకొన్నాను. గాలి చాపలో నిండింది. పడవ గుర్రపుపిల్లలాగా తల ఎగరవేసింది.

“తాడు వదులు నాన్నా” అన్నది మా అమ్మాయి.

వదిలాను.

ఆనాడు ఆమె ఏడవదిగా వచ్చింది. ఒక్కసారి బోల్తా పడింది, లేచింది. పడినప్పుడు మా అమ్మ నా మోచెయ్యి గట్టిగా పట్టుకొన్నది గాని ఏమీ అనలేదు. తిరిగి వచ్చేటప్పుడు బస్సు మూసీ వంతెన మీదికి ఎక్కింది. ఈసారి ఆమె కళ్ళు మూసుకోలేదు. కిటికీలో నుంచి కిందికి చాలాసేపు చూసి, నా వైపు తిరిగి అడిగింది:

“వచ్చే ఆదివారం ఎన్ని గంటలకు బయలుదేరాలె?”